వేసారిన వైద్యుడు, బేగంపేట దోమ

విశాఖపట్నం రేవు దాటి, గాజువాక దాటి, ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలను వెనుకకు విడిచి నైరుతి దిక్కుగా సాగితే పరవాడ వస్తుంది. 2022 వరకు అది విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆ సంవత్సరం జిల్లాలను విభజించినప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. ఒకప్పటి పొలాల ఊరికి నేడు ఒక వంక సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం, మరొక వంక జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. ఆ ఫార్మా సిటీలో తయారైన ఔషధద్రవ్యాలు దేశదేశాలకు పోతున్నవి. లోకానికి మందు పంపే ఊరని దానిని పిలువవచ్చును. అయితే మందు ఎక్కడ తయారైనను రోగి నాడి చూచి దానిని వ్రాసి ఇవ్వవలసినవాడు వైద్యుడు. ఆ వైద్యుని మనస్సే అలసిపోయిననాడు ఏమి చేయవలెను? ఏ మందుల కర్మాగారమూ జవాబు చెప్పలేని ప్రశ్న ఇది.

ఇట్టి ఊళ్ళలో ఆస్పత్రి తలుపు తీయకముందే వరండాలో వరుస ఏర్పడుతుంది. పొలం పనివాళ్ళు, సముద్రపు ఒడ్డు పల్లెల నుండి వచ్చిన ముసలివారు, తెలుగు రెండు ముక్కలు మాత్రమే వచ్చిన వలసకూలీలు, చంటిబిడ్డల తల్లులు. దగ్గు, జ్వరం, నడుమునొప్పి, ఒంటి దురద. మరల దగ్గు, మరల జ్వరం. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆ పైన రిజిస్టర్లు, కంప్యూటరులో ఎక్కించవలసిన లెక్కలు, పైవారు అడిగే నివేదికలు. మొదటి సంవత్సరం రోగి ముఖం కనబడుతుంది; అయిదవ ఏట రోగం పేరు కనబడుతుంది; పదవ ఏట చేతిలోని చీటీ మాత్రమే కనబడుతుంది. చదువుకొనే రోజుల్లో శవచ్ఛేదశాలలో రాత్రింబగళ్ళు నిలుచుండి కూడ అలయని మనిషి, ఇప్పుడు ఉదయం స్కూటరు తాళం చేతికి తీసుకొనుటకే బద్ధకిస్తాడు.

దీనికి మన భాషలో మాటలు లేకపోలేదు. అలసట దేహానిది, రాత్రి నిద్రతో తీరుతుంది. విసుగు క్షణికం, కారణం తొలగితే తొలగుతుంది. వేసట వేరు. తిరిగి తిరిగి, వెదకి వెదకి, ఫలితం కనబడక మనిషి లోపల వాడిపోవుటను వేసారుట అంటారు. నిద్ర దానిని తీర్చదు, సెలవు కూడ తీర్చదు. పాశ్చాత్యులు ఈ స్థితిని గుర్తించి శాస్త్రీయంగా పేరు పెట్టినది చాల ఆలస్యంగా. 1974లో ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వవేత్త, న్యూయార్కులో ఉచిత వైద్యశాలలో సేవచేసే వారిలో దీనిని గమనించి, పూర్తిగా కాలిపోయిన దీపం వంటి స్థితిగా వర్ణించినాడు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన రోగవర్గీకరణలో దీనికి చోటిస్తూ, ఇది రోగం కాదు, వృత్తికి సంబంధించిన స్థితి అని స్పష్టం చేసినది. శక్తి హరించుట, చేసే పనికి మనస్సు దూరమై దానిపట్ల ఏవగింపు కలుగుట, ఏమి చేసినను ఫలితం లేదనే భావం: ఈ మూడును దాని లక్షణాలు. ఉపాధ్యాయులకు కూడ ఈ లక్షణాలు అపరిచితాలు కావు. అరవైమంది పిల్లల తరగతిలో ఒకే పాఠాన్ని ఇరవయ్యవసారి చెప్పేవారికి వీటిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇట్టి వైద్యునికి లోకం చెప్పే సలహాలు తెలిసినవే. కొన్నాళ్ళు సెలవు పెట్టు, బదిలీ చేయించుకో, సంగీతం విను. అన్నీ మంచివే. అయితే అవి అన్నీ చేసి చూచి, వాటితో సరిపడక, చివరకు ఆ ఉద్యోగంలోనే, ఆ ఆస్పత్రి గదిలోనే ఆనందాన్ని వెదకి పట్టుకొన్న వైద్యుడొకడున్నాడు. ఆ సంఘటన జరిగినది మన తెలుగునేల మీదనే, సికింద్రాబాదులోని బేగంపేటలో. ఆయన పేరు పాఠ్యపుస్తకాలలో ప్రతి విద్యార్థికీ తెలుసు: రొనాల్డ్ రాస్. మలేరియాను దోమ మోసుకొనిపోతుందని కనుగొన్నవాడు. పాఠ్యపుస్తకాలు చెప్పనిది, ఆ దోమను పట్టకముందు ఆయన ఎంత వేసారిన వైద్యుడో ఆ సంగతి.

1857 మే 13న హిమాలయ సానువుల్లోని అల్మోరాలో రాస్ జన్మించినాడు. తండ్రి భారతదేశపు ఆంగ్లసైన్యంలో అధికారి. కొడుకుకు చిత్రలేఖనం, కవిత్వం, సంగీతం మీద ప్రీతి. తండ్రికి కొడుకు వైద్యుడై భారత వైద్యశాఖలో చేరవలెనని పట్టుదల. తండ్రి మాటే నెగ్గినది. లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆస్పత్రిలో రాస్ చదివిన చదువు మనసు పెట్టి చదివినది కాదు. పాఠాలకంటె పాటలకు స్వరాలు కూర్చుటలోనే ఆయన కాలం గడిచినది. ఒక పరీక్ష తప్పినాడు. కొంతకాలం ఓడలో వైద్యుడుగా పనిచేసినాడు. తుదకు 1881లో ఎట్లో భారత వైద్యశాఖలో ప్రవేశించి మదరాసు రాజధానికి వచ్చినాడు.

పటాలపు వైద్యుని ఉద్యోగం ఆ రోజుల్లో కష్టమైనది కాదు. ఆరోగ్యవంతులైన సిపాయిలు, ఉదయం ఆస్పత్రికి పోయి వచ్చినవారిని చూస్తే ఆనాటి పని చాలవరకు ముగిసినట్లే. మిగిలిన కాలాన్ని రాస్ గణితంతోను, కావ్యరచనతోను, నవలలతోను నింపినాడు. అధికభారం వల్లనే మనిషి వేసారుతాడని మనం సాధారణంగా అనుకొంటాము. రాస్ చరిత్ర అందుకు విరుద్ధంగా ఉన్నది. పని తక్కువై, ఆ తక్కువ పనిలోనూ అర్థం కనబడక ఆయన వాడిపోయినాడు. జ్వరం వచ్చినవానికి క్వినైను. మరునాడు మరొకనికి క్వినైను. ఆ జ్వరం ఎక్కడినుండి వచ్చెనో అడిగేవారు లేరు. చెడుగాలి వల్ల వచ్చునని ఇటలీవారు దానికి పెట్టిన పేరునే లోకం నమ్ముతున్నది.

బెంగుళూరులో 1883లో జరిగిన చిన్న ఉదంతమొకటి ఉన్నది. రాస్ బంగళాలో దోమలు విపరీతం. వెదకి చూడగా కిటికీ బయట నీళ్ళతొట్టిలో దోమల డింభకాలు గిలగిలలాడుతున్నవి. తొట్టి బోర్లించినాడు, దోమలు తగ్గినవి. సంబరపడి ఈ ఉపాయాన్ని సైనిక కార్యాలయంలోని అధికారికి చెబితే, ఆయన ఒప్పుకొనలేదు. దోమలను సృష్టించిన ప్రకృతికి ఏదో ఉద్దేశం ఉండి ఉండును. వాటిని సహించుటే మన విధి అని ఆయన భావం. రాస్ అంతటితో ఊరుకొన్నాడు. పదునాలుగేండ్ల తరువాత తనకు కీర్తిని తెచ్చే జంతువు ఆనాడే కిటికీ దగ్గరకు వచ్చి పోయినది. అయితే అడుగవలసిన ప్రశ్న ఇంకా మనస్సులో పుట్టలేదు.

1888 నాటికి ఆయన పూర్తిగా విసిగినాడు. దీర్ఘకాలపు సెలవు మీద ఇంగ్లండు పోయినాడు. ఉద్యోగానికి స్వస్తి చెప్పి సాహిత్యంలోనే జీవించవలెననే ఆలోచన కూడ కలిగినది. కాని ఆ సెలవులో ఆయన ఒక మంచిపని చేసినాడు. ప్రజారోగ్యశాస్త్రంలో అప్పుడప్పుడే ప్రారంభమైన డిప్లొమాను సంపాదించి, సూక్ష్మజీవశాస్త్రంలో కొంత శిక్షణ పొందినాడు. 1889లో వివాహం కూడ చేసుకొని తిరిగి వచ్చినాడు. సూక్ష్మదర్శిని చేతికి వచ్చినది గాని గురువు దొరకలేదు. గురువు లేని చదువు ఎట్లుండునో అట్లే అయినది. మలేరియా పేగులలో పుట్టిన విషం వల్ల వచ్చునని వాదిస్తూ ఆయన వ్యాసాలు ప్రకటించినాడు. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో చూచి ప్రకటించిన పరాన్నజీవి అసలు లేనేలేదని కూడ అప్పటికి ఆయన నమ్మకం. నమ్మకం తప్పు, కాని ఆ తప్పులోనైనా ఒక తపన ఉన్నదని గమనింపవలెను.

1894లో రెండవసారి సెలవు మీద లండను పోయినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్‌ను కలిసినాడు. మాన్సన్ చైనాలోని అమోయ్ రేవులో చాలకాలం వైద్యుడుగా ఉన్నవాడు. మన ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో తరతరాలుగా ప్రజలను బాధించిన బోదకాలు వ్యాధికి కారణమైన పురుగు, దోమ కడుపులో పెరుగుతుందని 1877లో చూపినవాడు. ఆయన రాస్‌ను ఎగతాళి చేయలేదు. ఆస్పత్రిలో మలేరియా రోగి నెత్తురు చుక్కను అద్దం మీద పరచి, ఇదిగో లావెరాన్ చెప్పినది, చూడు అని చూపినాడు. ఒక చూపుతో రాస్ వాదమంతా కూలినది. పిదప ఒకనాడు లండను వీధిలో నడుస్తూ మాన్సన్ తన ఊహను బయటపెట్టినాడు: బోదకాలు పురుగు వలెనే మలేరియా పరాన్నజీవి కూడ దోమలో కొంతకాలం బ్రతుకునేమో? తాను లండనులో ఉన్నాడు. అక్కడ మలేరియా లేదు. రాస్ పోయేది ఇండియా. వెదకి చూడరాదా?

వేసారిన మనిషికి కావలసినది ఈ ఒక్క మాటే అయినది. 1895 మార్చి చివర ఓడ ఎక్కిన రాస్, ప్రయాణంలో కూడ బొద్దింకలను కోసి సూక్ష్మదర్శిని క్రింద చూస్తూ వచ్చినాడని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది. ఏప్రిల్ చివర సికింద్రాబాదు చేరి, పందొమ్మిదవ మదరాసు పదాతిదళానికి వైద్యుడుగా కుదురుకొన్నాడు. అదే ఉద్యోగం, అవే జ్వరాలు, అదే క్వినైను. కాని ఇప్పుడు జ్వరంతో వచ్చిన ప్రతి సిపాయీ మందుచీటీ వ్రాసి పంపివేయవలసిన పీడ కాదు. లోపల ఒక రహస్యాన్ని మోస్తున్న మనిషి.

పని సులభం కాలేదు. వేలు గుచ్చి రక్తం తీయబోతే రోగులు వెనుదీసినారు. డబ్బిచ్చి ఒప్పించవలసి వచ్చినది. దోమలను పట్టి, దోమతెరలో రోగిని పడుకోబెట్టి కుట్టించి, ఒక్కొక్క దోమను సూదిమొనతో విప్పి, పేగును పరచి, అంగుళమంగుళం కాదు, వెంట్రుకలో వేయవ వంతు ప్రమాణంలో వెదకవలెను. ఒక దోమకు రెండు గంటలైనా పట్టేది. ఒకటి రెండు కాదు, వందలకొద్దీ దోమలు. ఏమీ కనబడలేదు. ఏల కనబడలేదో నేటి విద్యార్థికి తెలుసు. ఆయన కోసినవన్నీ బూడిదరంగు దోమలు, చారల దోమలు. మలేరియాను మోసేది అనాఫిలిస్ జాతి. తప్పు తాళంచెవితో రెండేండ్లపాటు తలుపు తెరువ చూచినాడన్నమాట. దోమలు చచ్చిన నీటిని త్రాగుట వల్ల జ్వరం వచ్చునని మాన్సన్ ఊహించగా, అట్టి నీటిని డబ్బిచ్చి కొందరిచేత త్రాగించి కూడ చూచినాడు. నేటి వైద్యనీతి దానిని ఎంతమాత్రం అంగీకరింపదు, అంగీకరింపకుండుటే న్యాయం.

మధ్యలో కలరా పని మీద బెంగుళూరుకు పంపినారు. 1897 వేసవిలో సెలవు పెట్టి ఉదకమండలం సమీపాన సిగూరు కనుమలో మలేరియాను పరిశీలింపబోయి తానే మలేరియాతో మంచమెక్కినాడు. ఇంత జరుగుతూ ఉండగా ఆయనను నిలబెట్టినవి మాన్సన్ ఉత్తరాలు. బేగంపేట నుండి లండనుకు ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టేది. ఆ వారాలన్నీ ఎదురుచూపే. తాను చూచినది బొమ్మ గీసి పంపితే, శ్రద్ధగా చదివి, ఇది కాదు, అటు చూడు అని చెప్పేవాడు ప్రపంచంలో ఒకడున్నాడు. వైద్యుని వేసటకు ఒంటరితనం సగం కారణమైతే, ఆ సగాన్ని తపాలా తీర్చినది.

1897 జూన్‌లో రాస్ మరల సికింద్రాబాదు వచ్చినాడు. ఆగస్టు. వాన రాదు, ఉక్క. పంకా లాగిస్తే గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి కనుక పంకా ఆపించినాడు. కళ్ళమీద వాలే చిన్న ఈగలు గుంపులుగా బాధిస్తున్నవి. నొసటి చెమట, చేతి చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉన్నది. ఆ నెల నడుమ ఆయన మనుష్యులలో ఒకడు సీసాలో కొన్ని డింభకాలు తెచ్చినాడు. అవి పొదిగి, రెక్కలమీద మచ్చలున్న కొత్తరకం దోమలు బయటికి వచ్చినవి. గోడమీద వాలితే తోక పైకెత్తి నిలిచే దోమలు. ఆగస్టు 16న హుసేన్‌ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిచేత కుట్టించినారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది.

ఆగస్టు 20 వచ్చినది. మబ్బు పట్టి, ఉక్కపోస్తున్న రోజు. ఏడు గంటలకు రాస్ ఆస్పత్రికి పోయినాడు. రోగులను చూచినాడు. కార్యాలయపు ఉత్తరాలకు జవాబులు వ్రాసినాడు. మచ్చరెక్కల డింభకాలు మరి దొరకలేదని చిరాకు పడినాడు. పైగా మిగిలిన మూడు దోమలలో ఒకటి రాత్రి చచ్చి కుళ్ళినది. హడావుడిగా తిని వచ్చి దానినే కోసి చూస్తే ఏమీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట వేళ, కళ్ళు అలసి ఉండగా, మిగిలిన రెంటిలో ఒకదానిని తీసుకొన్నాడు. సర్వం వెదకినాడు. ఇక పొట్టగోడ మాత్రం మిగిలినది. అది కూడ చూడవలెనా అన్నంత అలసట. చూచినాడు. అక్కడ దోమకు సహజం కాని గుండ్రని కణమొకటి. దానిలో మలేరియా పరాన్నజీవికి మాత్రమే ఉండే నల్లని రేణువులు. పక్కన మరొకటి. మరొకటి. నవ్వు ఆపుకొనలేక సహాయకుని కేక వేస్తే, అతడు మధ్యాహ్నపు నిద్రకు పోయి ఉన్నాడు! రాస్ ఇంటికి పోయి టీ త్రాగి, గంటసేపు గాఢంగా నిద్రపోయినాడు. మరునాడు చివరి దోమను చూస్తే ఆ కణాలు నిన్నటికంటె పెద్దవై ఉన్నవి. అంటే అవి పెరుగుతున్నవి, బ్రతికి ఉన్నవి. ఆ పారవశ్యంలో ఆయన పద్యాలు కూడ వ్రాసుకొన్నాడు. ఆ సంవత్సరం డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి ప్రకటితమైనది. ఆగస్టు 20ని నేడు ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో రాస్ పేరిట పరాన్నజీవశాస్త్ర సంస్థ అయినది.

ఇక్కడ ఒక విషయాన్ని ఆలోచింపవలెను. 1888 నాటి రాస్‌కును 1897 నాటి రాస్‌కును ఉద్యోగంలో భేదం లేదు. ఎండ తగ్గలేదు. కష్టం పది రెట్లు పెరిగినది. అయినను ఆనందం వచ్చినది. విశ్రాంతి వల్ల వచ్చిన ఆనందం కాదిది. నవలలు వ్రాసుకొన్నప్పుడు ఆయనకు దొరికిన సుఖం ఉద్యోగం నుండి పారిపోయి పొందినది; దోమలను కోసినప్పుడు దొరికినది ఉద్యోగం లోపలికి పోయి పొందినది. రెండవదే నిలిచినది.

అట్లని ఈ కథను తీసుకొనిపోయి నేటి వైద్యుని ముందు పెట్టి, నీవూ ఇట్లు చేయరాదా అనుట అన్యాయం. రాస్‌కు మధ్యాహ్నాలు ఉండినవి. పరవాడ వంటి ఊళ్ళలోని వైద్యునికి ఏవి? వంద మందిని చూచి, నివేదికలు పంపి, ప్రసవం కేసు వస్తే రాత్రి మేలుకొనే మనిషిని, ఆపైన పరిశోధన కూడ చేయుమనుట గాయం మీద కారం చల్లుట. రాస్ కథలోనుండి ప్రభుత్వాలు నేర్చుకొనవలసినది వైద్యునికంటె ఎక్కువ. వారంలో ఒక్కపూటైనా వరుస లేని పూటగా ఇవ్వవలెను. పక్కనే విశాఖపట్నంలో 1923లో ప్రారంభమై నేడు ఆంధ్ర వైద్య కళాశాలగా ప్రసిద్ధమైన పెద్ద విద్యాలయం ఉన్నది. కింగ్ జార్జి ఆస్పత్రి ఉన్నది. చుట్టుపట్ల ఊళ్ళ వైద్యుడు ఒక సందేహం వ్రాసి పంపితే, మాన్సన్ వలె ఓపికగా జవాబు చెప్పే పెద్దలు అక్కడ ఉండవలెను. మాన్సన్ లేని రాస్ మరొక పదేండ్లు పేగుల విషాన్ని గురించి వ్యాసాలు వ్రాస్తూ ఉండేవాడు.

ఇక ప్రశ్నలకు పరవాడలో కొదువ ఉన్నదా? కర్మాగారాల నడుమ వాననీరు ఎక్కడ నిలుస్తున్నది, అందులో ఏ దోమ పెరుగుతున్నది? మన్యం నుండి పనికి వచ్చిన కూలీ తనతో జ్వరాన్ని తెచ్చెనా, ఇక్కడ తెచ్చుకొనెనా? ఒకే షెడ్డులో పనిచేసేవారికే దగ్గు ఎక్కువగా ఉన్నదా? చీటీల వెనుక ఉన్న ఈ సంగతులు రిజిస్టరులోనే నిద్రపోతున్నవి. వాటిని తట్టి లేపుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. బడి పిల్లలు కూడ ఒక చేయి వేయవచ్చును. అనాఫిలిస్ డింభకం నీటిపైన పడకవేసినట్లు అడ్డంగా తేలుతుంది. క్యూలెక్స్ డింభకం తలక్రిందులుగా వ్రేలాడుతుంది. గాజుసీసాలో నీళ్ళు తెచ్చి వెలుతురులో పెడితే ఏడవ తరగతి విద్యార్థి రెంటికీ భేదం చెప్పగలడు. తమ ఊరి నీటిగుంటల పటం గీసి, ఏ గుంటలో ఏది ఉన్నదో గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని సైన్సు మాస్టారు ఆస్పత్రి డాక్టరుగారి బల్లమీద పెట్టిననాడు, ఆయనకు ఆ ఉదయం మిగిలిన ఉదయాల వలె ఉండదు. (పిల్లలు గుంటల వద్దకు ఒంటరిగా పోకుండ పెద్దలు వెంట ఉండవలసినదని వేరుగా చెప్పనక్కరలేదు.)

హుసేన్‌ఖాన్ సంగతి కూడ ఒక మాట అనుకొనవలెను. ఆ దోమకాటు లేకపోతే ఆగస్టు 20 లేదు. తరువాత కలకత్తాలో రాస్ వద్ద పనిచేసిన మహమ్మద్ బక్ష్, దోమలను పెంచి, పక్షులను పట్టి, రాత్రింబగళ్ళు చాకిరీ చేసినాడు. పరిశోధన అంటే ఒక్కని తపస్సు అని చెప్పే కథలు నిజం కావు. ఆనందం కూడ ఒక్కని సొత్తు కారాదు. ఆ విషయంలో ఆ కాలపు దొరలు లెక్క సరిగా తీర్చలేదు.

తరువాతి కథలో సుఖం కొంత, కష్టం కొంత. కణాలు కనుగొన్న మరుమాసమే సర్కారువారు రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసినారు. అక్కడ పరిశోధించుటకు తగిన మలేరియా లేదు. వెలిగిన దీపాన్ని కార్యాలయాలు ఊది ఆర్పుట ఎంత సులభమో ఈ ఒక్క ఉత్తర్వు చాలు. మాన్సన్ లండనులో పట్టుబట్టగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు పంపినారు. అక్కడ మనుష్యుల మలేరియా దొరకక పక్షుల మలేరియాను చేపట్టి, జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో ఆరోగ్యంగా ఉన్న పక్షి రక్తంలో ప్రవేశించుటను రుజువు చేసినాడు. అదే సంవత్సరం చివర ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మానవ మలేరియా విషయంలో అదే క్రమాన్ని చూపినారు. 1899లో రాస్ ఉద్యోగం వదలి లివర్‌పూల్‌లో బోధకుడైనాడు. 1902లో నోబెల్ బహుమానం లభించినది. గ్రాసీతో వివాదం మాత్రం ఏండ్లతరబడి సాగినది. పేరు ఎవరిది, ముందెవరు అనే తగవు. పనిలో దొరికినంత సంతోషం పేరులో ఆయనకు దొరికినట్లు కనబడదు.

అయితే మరొక పని ఆయనకు మిగిలినది. బద్ధకపు రోజుల్లో, ఆస్పత్రి నుండి తప్పించుకొనుటకు అభ్యసించిన గణితం, యాబదేండ్లు దాటిన తరువాత మలేరియాకే ఉపయోగించినది. ఒక ఊరిలో ఇందరు మనుష్యులు, ఇన్ని దోమలు, ఇందరు రోగులుంటే వచ్చే నెలకు రోగులెందరు? 1911లో మలేరియా నివారణ గ్రంథపు రెండవ ముద్రణలో ఆయన ఈ లెక్కను సమీకరణాలుగా వ్రాసినాడు. ఊరిలోని దోమలన్నిటినీ చంపనక్కరలేదు. వాటి సంఖ్యను ఒకానొక మేరకు దిగువకు తెస్తే చాలు, వ్యాధి తనంతట తాను క్షీణిస్తుందని ఆ లెక్క చూపినది. రాస్ వెంట సియెరాలియోన్‌కు పోయి వచ్చిన మెక్‌కెండ్రిక్, కెర్మాక్ అనే సహచరునితో కలిసి 1927లో దానిని అంటురోగాలన్నిటికీ వర్తించే సిద్ధాంతంగా విస్తరించినాడు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు, ఒక రోగి నుండి ఎందరికి సోకును, ఎప్పుడు తగ్గును అని శాస్త్రజ్ఞులు వేసిన అంచనాలు ఈ వంశంలో పుట్టినవే. 1932 సెప్టెంబరు 16న లండనులో రాస్ మరణించినాడు.